వైద్య సమాచార శోధన శిక్షణ: విశాఖపట్నం ఆరోగ్య సిబ్బంది

రోగిని చూస్తున్నప్పుడు పుట్టిన సందేహానికి పబ్‌మెడ్, కాక్రేన్ లైబ్రరీ వంటి ఎలక్ట్రానిక్ గ్రంథాలయాల్లో సొంతంగా జవాబు వెతుక్కోవడం డాక్టర్లకూ నర్సులకూ ఫార్మసిస్టులకూ ల్యాబ్ టెక్నీషియన్లకూ నేర్పడమే వైద్య సమాచార శోధన శిక్షణ. మీటలు నొక్కడం నేర్పడానికి ఒక పూట చాలు. ఎక్కువ కాలం పట్టేది జంకు వదిలించడానికే. ‘నా ఇంగ్లీషు అంతంతమాత్రం’, ‘అది డాక్టర్ల పని’, ‘ఈ వయసులో నాకెందుకు’, ‘ఏదైనా తప్పు నొక్కితే?’ అనే మాటలు ఏ ఆసుపత్రిలోనైనా వినిపించేవే. ఈ జంకును మనిషిలోని లోపంగా చూసినంతకాలం శిక్షణ సాగదు. అది పని పరిస్థితుల నుంచీ మనం నేర్పే తీరు నుంచీ పుట్టినది కాబట్టి, ఆ రెండూ మారితే తగ్గుతుంది.

నగరం, ఆసుపత్రులు

కోస్తాంధ్రలో తొలి వైద్య కళాశాల, ఇప్పటి ఆంధ్రా వైద్య కళాశాల, 1923లో విశాఖలోనే మొదలైంది. దాని బోధనాసుపత్రి కింగ్ జార్జి ఆసుపత్రి. జనం దాన్ని కేజీహెచ్ అంటారు, పెద్దాసుపత్రి అనీ అంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచీ, పాడేరు, అరకు మన్యం నుంచీ, ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచీ రోగులు అక్కడికే వస్తారు. హనుమంతవాక దగ్గర విమ్స్, అగనంపూడిలో టాటా మెమోరియల్ సంస్థ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, ఉక్కునగరంలో ఉక్కు కర్మాగారం వారి జనరల్ ఆసుపత్రి, సాలగ్రామపురంలో పోర్టు వారి గోల్డెన్ జూబ్లీ ఆసుపత్రి, నౌకాదళం వారి ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణి, రైల్వే ఆసుపత్రి, గీతం వైద్య కళాశాల ఆసుపత్రి కూడా ఈ నగర పరిధిలోనే ఉన్నాయి.

ఇన్ని ఆసుపత్రులున్న ఈ ఊరు గ్రంథాలయ శాస్త్రానికి కూడా పాత చిరునామా. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో కోర్సు మొదలుపెట్టింది. దేశంలో అంత తొందరగా ఆ చదువు నేర్పిన విశ్వవిద్యాలయాలు చాలా తక్కువ. వైద్య కళాశాలా గ్రంథాలయ శాస్త్ర శాఖా రెండూ ఉన్న ఈ నగరం కంటే వాటి చదువులు ఒకచోట కలవడానికి వీలైన చోటు లేదు.

వెతకవలసిన అవసరం కూడా ఇక్కడ ఎక్కువే. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం, రసాయన పరిశ్రమలు, వాటి మధ్యలో లక్షల మంది నివాసం. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ శుద్ధి కర్మాగారంలో పేలుడు, 2012 జూన్ 13న ఉక్కు కర్మాగారంలో ప్రమాదం, 2020 మే 7న స్టైరీన్ ఆవిరి లీకు, ఇవన్నీ ఈ ఊరి ఆసుపత్రుల మీద ఒక్కసారిగా పడినవే. మన్యం నుంచి మలేరియా రోగులూ, ఉద్దానం నుంచి మూత్రపిండాలు దెబ్బతిన్నవారూ నిత్యం వస్తూనే ఉంటారు. వీటిలో కొన్నింటికి పాఠ్యపుస్తకం ఇచ్చే చోటు ఒక పేరాకు మించదు.

వెతికే పని చేతులు మారింది

అమెరికా సైన్య వైద్యుడు జాన్ షా బిల్లింగ్స్ 1879లో మొదలుపెట్టిన ఇండెక్స్ మెడికస్ ప్రపంచంలోని వైద్య పత్రికా వ్యాసాలకు విషయసూచిక. బరువైన ఆ సంపుటాలను తిరగేయడమే ఒక విద్య. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1964లో దాన్ని మెడ్లార్స్ పేరుతో కంప్యూటరుకెక్కించింది. 1971లో టెలిఫోను తీగ మీద వెతికే మెడ్‌లైన్ వచ్చింది. అయితే డాక్టరు తానే వెతికే వీలు అప్పుడూ లేదు. కనెక్షను ఖరీదైనది, ఆజ్ఞల భాష కఠినం. డాక్టరు కాగితం మీద ప్రశ్న రాసిస్తే, శిక్షణ పొందిన లైబ్రేరియన్ వెతికిపెట్టేవారు. మనదేశంలో భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) కలిసి 1986లో ఢిల్లీలో నెలకొల్పిన ఇండియన్ మెడ్లార్స్ సెంటర్ చేసిన సేవ ఇదే. దూరాన ఉన్న వైద్యుల ప్రశ్నలకు అక్కడి నిపుణులు జవాబుల జాబితాలు తీసేవారు. భారతీయ వైద్య పత్రికల కోసం ఇండ్‌మెడ్ అనే సూచికనూ ఆ కేంద్రమే తయారుచేసింది.

1997 జూన్‌లో పబ్‌మెడ్ అందరికీ ఉచితమైంది. మంచిదే. కానీ అంతవరకూ నిపుణుడు చేసిన పని ఆ రోజు నుంచి డాక్టరు నెత్తిన, నర్సు నెత్తిన పడింది. తలుపులు తెరిచారు, దారి మాత్రం ఎవరూ చూపలేదు. ఇప్పుడు పబ్‌మెడ్‌లో 3 కోట్ల 70 లక్షలకు పైగా వ్యాసాల వివరాలున్నాయి. ఒక వాక్యం టైపు చేస్తే సున్నా ఫలితాలు, ఒక మాట టైపు చేస్తే లక్ష ఫలితాలు. ఈ రెండింటిలో ఏది ఎదురైనా కొత్తవారు ‘ఇది నావల్ల కాదు’ అని లేచిపోతారు. వారికి చేతకాకపోవడం వింతేమీ కాదు. లైబ్రేరియన్లు ఏళ్ళ తరబడి చదివి నేర్చుకున్న విద్య అది.

జంకు ఎక్కడిది

గ్రంథాలయం ముందు మనుషులు ఎందుకు ముడుచుకుపోతారో కాన్‌స్టెన్స్ మెలన్ అనే అమెరికా ఆచార్యురాలు 1986లో ప్రచురించిన అధ్యయనం వివరించింది. ఆమె సుమారు 6,000 మంది విద్యార్థుల రాతలు చదివారు. తొలిసారి పరిశోధన కోసం లైబ్రరీకి వెళ్ళినప్పటి అనుభవాన్ని వారిలో 75 నుంచి 85 శాతం మంది భయంగానే చెప్పారు. ఆ భయంలో మూడు పొరలున్నాయి. నాకు తప్ప అందరికీ వచ్చు. రాకపోవడం సిగ్గుచేటు. అడిగితే ఆ సిగ్గు బయటపడుతుంది. దీనికి ‘లైబ్రరీ ఆందోళన’ అని పేరొచ్చింది. 1992లో షారన్ బోస్టిక్ దాన్ని కొలిచే ప్రశ్నావళి కూడా రూపొందించారు.

మన ఆసుపత్రుల్లో ఈ మూడు పొరల మీద నాలుగోది ఉంది, అంతస్తు. ప్రొఫెసర్ గారి ముందు హౌస్ సర్జన్ ‘నాకు తెలియదు, వెతుకుతాను సార్’ అనడమే కష్టం. హౌస్ సర్జన్ ముందు ప్రొఫెసర్ గారు కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కోవడం అంతకంటే కష్టం. ఇరవై ఏళ్ళ అనుభవమున్న హెడ్ సిస్టర్‌కు వార్డులో తెలియనిది ఉండదు. అదే మనిషి కంప్యూటరు గదిలోకి రాగానే వెనక వరుసలో కూర్చుంటారు. ‘చదివి చెప్పడం డాక్టరు గారి పని, చేయడం మా పని’ అనే విభజన నర్సింగ్ చదువులోనే పాతుకుపోయింది. ఇంగ్లీషు సంగతి సరేసరి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి వ్యాసం చదవడం ఒక బెరుకు, వెతకడానికి సరైన మాట పట్టుకోవడం మరో బెరుకు. పబ్‌మెడ్‌లో శోధన నడిచేది ఇంగ్లీషులోనే. వీటన్నిటికీ తోడు టైము లేకపోవడం. నైట్ డ్యూటీ దిగిన సిస్టర్‌ను మధ్యాహ్నం వర్క్‌షాపుకు పిలిచి, ఆమె కునికితే ఆసక్తి లేదనడం అన్యాయం.

స్టైరీన్: ఒక పాఠం

2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. 12 మంది చనిపోయారు. వందల మందిని కేజీహెచ్‌కూ ఇతర ఆసుపత్రులకూ చేర్చారు. కోవిడ్ లాక్‌డౌన్ రోజులవి. పాలిస్టైరీన్ ప్లాస్టిక్ తయారీకి ముడిసరుకైన ఈ రసాయనం ఒక ఊరి మీద కమ్మడం ప్రపంచంలో ఏ డాక్టరుకైనా అరుదైన అనుభవం. కళ్ళకు, ఊపిరితిత్తులకు, నాడీవ్యవస్థకు ఏమవుతుంది? విరుగుడు ఉందా? గర్భిణిని ఎలా చూడాలి? కొన్ని నెలల తర్వాత ఏం గమనించాలి? శోధన నేర్పేవారికి ఇంతకంటే బలమైన అభ్యాసం దొరకదు. ఇది ఈ ఊరి ప్రశ్న.

పబ్‌మెడ్ పెట్టెలో స్టైరీన్ అని మాత్రం కొడితే వేల వ్యాసాలు వస్తాయి. వాటిలో చాలావాటికి రోగులతో సంబంధం ఉండదు, అవి ప్లాస్టిక్ పరిశ్రమవి, పాలిమర్ రసాయన శాస్త్రానివి. వెతికేవారు ఇక్కడ మొదటి మెట్టు నేర్చుకుంటారు. ప్రశ్నను ముక్కలు చేయాలి. ఒక ముక్క రసాయనం, మరో ముక్క పీల్చడం, ఇంకొకటి మనుషులు. రసాయనానికి మారుపేర్లున్నాయి. వినైల్ బెంజీన్, ఎథెనైల్ బెంజీన్ అన్నా ఇదే. పేర్లు ఎన్నున్నా మారని గుర్తు దాని సీఏఎస్ నంబరు 100-42-5. ఒకే భావానికి ఉన్న పేర్లను ‘ఆర్’తో కలిపి, వేర్వేరు భావాలను ‘యాండ్’తో జోడిస్తే గుట్ట కరుగుతుంది. తర్వాతి మెట్టు మెష్ అనే పదకోశం. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1960 నుంచి నడుపుతున్న ఈ కోశంలో ఒక్కో విషయానికి ఒక ఖరారు చేసిన పేరు, దాని కింద విషప్రభావం, చికిత్స వంటి ఉపశీర్షికలు ఉంటాయి. రచయితలు ఏ మాట వాడినా వ్యాసం ఆ పేరు కిందకే చేరుతుంది. ఇంగ్లీషు పదాల మీద పట్టు తక్కువన్న బెంగకు సగం మందు ఈ కోశమే. సరైన మాట తట్టకపోయినా దగ్గరి మాట ఇస్తే అది ఖరారైన పేరు దగ్గరికి తీసుకుపోతుంది.

మూడో మెట్టు, ఎక్కడ వెతకాలో తెలియడం. విషపదార్థాల సమాచారానికి దశాబ్దాలుగా అందరూ చూసిన టాక్స్‌నెట్ వెబ్‌సైటును 2019 డిసెంబరులో, అంటే ఈ ప్రమాదానికి ఐదు నెలల ముందు, మూసివేశారు. అందులోని ప్రమాదకర రసాయనాల కోశం పబ్‌కెమ్ అనే మరో కోశంలోకి మారింది. పాత చిరునామా ఒక్కటే తెలిసినవారికి ఆ రోజు మూసిన తలుపు ఎదురయ్యేది. ఒకసారి నేర్చుకుంటే చాలదనీ, ఏటా ఒకసారైనా పాఠం దులిపి చూసుకోవాలనీ చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఉద్దానం, మారుపేర్లు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ప్రబలిన మూత్రపిండాల వ్యాధికి కారణం ఇంతవరకూ తేలలేదు. ఆంధ్రా వైద్య కళాశాలలో నెఫ్రాలజీ ఆచార్యులుగా పనిచేసి, తర్వాత ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయిన డాక్టర్ టి. రవిరాజు వంటివారు దాని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఉద్దానం అన్న మాట ఒక్కటే పెట్టి వెతికితే వచ్చే వ్యాసాలు తక్కువ. ‘కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి’కి ఇంగ్లీషులో వాడే సీకేడీయూ అనే పొట్టి పేరునూ, ‘మీసోఅమెరికన్ నెఫ్రోపతీ’ అన్న పేరునూ కలిపితే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతులూ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలోని చెరకు కూలీలూ తెర మీదికి వస్తారు. ఎండలో శ్రమ, ఒంట్లో నీరు తగ్గడం, తాగునీరు, పురుగుమందులు, ఎక్కడెక్కడ ఏది అనుమానించారో, ఏది నిలవలేదో కనిపిస్తుంది. కొలిమి ముందు పనిచేసే ఉక్కు కార్మికుడి ఒంటి మీద వేడి ప్రభావం గురించి ఆలోచించే డాక్టరుకు కూడా అదే దారి పనికొస్తుంది.

ఊరి పేర్లతోనూ ఇదే చిక్కు. ఈ నగరం నుంచి వెలువడిన వ్యాసాలన్నీ కావాలంటే విశాఖపట్నం పేరును ఇంగ్లీషులో రాసే రకరకాల వర్ణక్రమాలతో పాటు వైజాగ్, వాల్తేరు, మరీ పాతవాటికి వైజాగపటం కూడా కలపాలి.

నేర్పే పద్ధతి

మనదగ్గర ఎక్కువగా జరిగేది ఉపన్యాసం. పెద్ద హాలు, తెర మీద స్లైడ్లు, వంద మంది ప్రేక్షకులు, చివర సర్టిఫికెట్లు. దానివల్ల ఉపయోగం తక్కువని గట్టిగానే చెప్పవచ్చు. 2004లో కూమారస్వామి, ఖాన్ అనే వైద్యులు సాక్ష్యాధారిత వైద్య బోధనపై వచ్చిన అధ్యయనాలను సమీక్షించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. విడిగా జరిగే తరగతులు తెలివిడిని మాత్రమే పెంచాయి. రోగి దగ్గరి పనిలో కలిపి నేర్పినప్పుడు నైపుణ్యం, వైఖరి, నడవడిక కూడా మెరుగయ్యాయి. అమెరికాలో గెర్ట్రూడ్ ల్యాంబ్ 1971లోనే ఈ సూత్రం పట్టుకుని లైబ్రేరియన్లను వార్డు రౌండ్స్‌కు పంపారు. క్లినికల్ లైబ్రేరియన్ అనే ఉద్యోగం అలా పుట్టింది.

జంకేవారికి నేర్పేటప్పుడు తొలి గంటలోనే ఒక చిన్న విజయం చేతికందాలి. కాలిన గాయాల వార్డులో పనిచేసే సిస్టర్‌నే తీసుకుందాం. ‘బూలియన్ తర్కం’ అని మొదలుపెడితే ఆమె మనసు మూసుకుంటుంది. ‘ఈ వారం మీకు వచ్చిన సందేహం ఏమిటమ్మా’ అని అడిగితే చెబుతుంది: పైపొర కాలిన గాయానికి తేనె కట్టు మంచిదా, మామూలు డ్రెస్సింగా? ఆ ప్రశ్నలోనే నాలుగు భాగాలున్నాయి. రోగి ఎవరు, చేసే పని ఏమిటి, దేనితో పోలుస్తున్నాం, ఏ ఫలితం చూస్తున్నాం. 1995 నుంచి ప్రపంచమంతా పికో పేరుతో నేర్పుతున్న చట్రం ఇదే. సిద్ధాంతం పేరు చెప్పకముందే ఆమె దాన్ని వాడేసింది. కాక్రేన్ లైబ్రరీలో వెతికితే తేనెపై 2015 నాటి సమీక్ష దొరుకుతుంది. చర్మం పాక్షికంగా కాలిన గాయాలు తేనె కట్టుతో మామూలు డ్రెస్సింగుల కంటే నాలుగైదు రోజులు ముందుగా మానాయని అది చెబుతుంది. లోతైన గాయాలకూ, పుండ్లకూ ఆ మాట వర్తించదనీ అక్కడే తెలుస్తుంది. మర్నాడు రౌండ్స్‌లో ఆమె ఆ సంగతి ఎత్తితే, డాక్టరు గారు చెవిపెట్టి వింటే, ఆమె రెండోసారి తనంతట తానే కంప్యూటరు ముందు కూర్చుంటుంది. వినకపోతే పదిమంది శిక్షకులు వచ్చినా లాభం లేదు. అందుకే ఈ శిక్షణ మొదట అందవలసింది విభాగాధిపతులకు. జూనియర్ల ముందు కాకుండా వారికి విడిగా నేర్పడం మర్యాద, పైగా ఫలితమిచ్చే పద్ధతి.

మౌసు మాత్రం నేర్చుకునేవారి చేతిలోనే ఉండాలి. ‘ఇలా ఇవ్వండి, నేను చేస్తాను’ అనే శిక్షకుడు పని తొందరగా ముగిస్తాడు, ఏమీ నేర్పడు. సున్నా ఫలితాలు రావడం, లక్ష రావడం రెండూ శిక్షకుడు కావాలని చేసి చూపించాలి. తప్పు నొక్కినందువల్ల ఏదీ చెడిపోదని కళ్ళారా చూస్తేనే నమ్మకం కలుగుతుంది. ఇద్దరిద్దరిని జతగా కూర్చోబెట్టడం, తెలుగులో మాట్లాడుకోనివ్వడం, చర్చ తెలుగులో జరిపి పెట్టెలో కొట్టే నాలుగు మాటలు మాత్రం ఇంగ్లీషులో రాసుకోవడం బాగా పనిచేసే పద్ధతులు. పబ్‌మెడ్‌లోని ‘క్లినికల్ క్వెరీస్’ వంటి ముందే బిగించిన వడపోతలు కొత్తవారికి మంచి అండ.

దొరకలేదంటే లేదని అర్థం కాదన్నది వీలైనంత తొందరగా చెప్పవలసిన పాఠం. 2001లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసంపై జరిగిన ప్రయోగంలో హెక్సామెథోనియం పీల్చిన ఆరోగ్యవంతురాలైన యువతి చనిపోయింది. ఆ మందు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుందని 1950ల నాటి పత్రికల్లో ఉంది. అప్పటి పబ్‌మెడ్ 1966 కంటే వెనక్కి వెళ్ళేది కాదు. ఏ కోశం ఎంత వెనక్కి వెళుతుందో, ఏ పత్రికలను వదిలేస్తుందో తెలియకుండా వెతకడం ప్రమాదం. ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలను అడిగి తృప్తిపడే అలవాటు మొదలైంది. అవి లేని వ్యాసాలకు కూడా ఉన్నట్టే పేర్లు, సంవత్సరాలు కల్పించి ఇస్తాయి. ప్రతి ఆధారాన్నీ పబ్‌మెడ్‌లో సరిచూసుకోవడం నేర్పని శిక్షణ ఈ రోజుల్లో అసంపూర్ణం.

ఎవరికి ఎంత

అందరికీ ఒకటే పాఠం పెట్టడం పొరపాటు. 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలోని ఫౌండేషన్ కోర్సు కంప్యూటరు నైపుణ్యాలకు చోటిచ్చింది. పీజీలకు థీసిస్ తప్పనిసరి. చెన్నైలోని జాతీయ ఎపిడమియాలజీ సంస్థ ఆన్‌లైన్‌లో నడిపే ప్రాథమిక పరిశోధన కోర్సును పీజీలూ అధ్యాపకులూ పూర్తిచేయాలి. కాబట్టి వారికి మెష్ లోతుల వరకూ నేర్పవచ్చు. మన్యంలో ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు పబ్‌మెడ్ నేర్పడం వారి సమయం వృథా చేయడమే. వారికి కావలసింది వడగట్టి సిద్ధం చేసిన సూచన. భారత వైద్య పరిశోధన మండలి 2019 నుంచి వెలువరిస్తున్న ప్రామాణిక చికిత్సా క్రమాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఫోనులో ఎలా తెరవాలో, తేదీ చూసి కొత్తదో పాతదో ఎలా తేల్చుకోవాలో నేర్పితే చాలు. ఫార్మసిస్టుకు మందుల పరస్పర ప్రభావాల సమాచారం, ల్యాబ్ టెక్నీషియన్‌కు పరీక్షా పద్ధతుల ప్రమాణాలు ముఖ్యం.

తాళాలు, తాళంచెవులు

వెతికి పట్టుకున్న వ్యాసం డబ్బు కట్టమని అడిగితే ఉత్సాహం అక్కడే చస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో పేదదేశాల కోసం మొదలుపెట్టిన హినారి పథకం మనదేశానికి వర్తించలేదు. వైద్య పరిశోధన మండలి చందా కట్టడం వల్ల కాక్రేన్ లైబ్రరీ 2007లో దేశమంతటికీ ఉచితమైంది. 2008లో మనదేశపు జాతీయ వైద్య గ్రంథాలయం ప్రారంభించిన ఎర్మెడ్ కూటమి ప్రధానంగా కేంద్ర సంస్థలకు పత్రికలు అందించింది. రాష్ట్రంలో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం తన అనుబంధ కళాశాలల కోసం ఎన్టీఆర్ మెడ్‌నెట్ కూటమిని నడిపింది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ వీటన్నిటికంటే పెద్దది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దాన్ని సమన్వయం చేస్తోంది. రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలూ ఈ పథకం పరిధిలోకే వస్తాయి. ప్రైవేటు కళాశాలలు రావు. వాటి సిబ్బందికీ, గ్రామ క్లినిక్కుల్లో పనిచేసేవారికీ 2000లో మొదలైన పబ్‌మెడ్ సెంట్రల్ వంటి ఉచిత భాండాగారాలే ఆధారం.

ప్రభుత్వం చందా కట్టింది, పత్రికలు తెరుచుకున్నాయి. చదివేవారు లేకపోతే ఆ 6,000 కోట్లూ ప్రచురణ సంస్థలకు చెల్లించిన లెక్కగా మిగులుతాయి. విశాఖలోని ప్రతి ఆసుపత్రి సూపరింటెండెంటుకూ, కళాశాల ప్రిన్సిపాలుకూ చేసే మనవి ఇది: నర్సుల డ్యూటీ రూమ్‌లో ఒక కంప్యూటరు పెట్టించండి, లాగిన్ వివరాలు గోడ మీద కనిపించేలా రాయించండి, మీ లైబ్రేరియన్‌ను వారానికి ఒక్కరోజైనా వార్డు రౌండ్స్‌కు పిలవండి.